యాసంగిలో ట్రాన్స్‌ఫార్మర్లు ఎందుకు కాలుతున్నాయి? కరెంటు గంటలతో పాటు కేవీఏ లెక్కా చూసుకోవాలి

యాసంగి నాట్లు పూర్తయి ఎండ ముదిరే సమయానికి ఏ మండలానికి వెళ్లినా ఒకే మాట వినిపిస్తుంది. ఫలానా బావుల దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ కాలింది, పొలం నెర్రెలు బారుతోంది, ఇంకోటి ఎప్పుడొస్తుందో తెలియదు. వరి పొట్ట దశలో ఉన్నప్పుడు, మొక్కజొన్న పీచు తీస్తున్నప్పుడు, వేరుశనగ ఊడలు దిగుతున్నప్పుడు నాలుగైదు రోజులు నీరు ఆగితే ఆ నష్టాన్ని తర్వాత ఏ ఎరువూ పూడ్చలేదు.

వ్యవసాయ కరెంటుపై మన రెండు రాష్ట్రాల్లోనూ చర్చ ఎక్కువగా గంటల చుట్టూనే తిరుగుతోంది. 2004 మే నెలలో ఉమ్మడి రాష్ట్రంలో ఉచిత విద్యుత్ మొదలైనప్పుడు ఏడు గంటలు అన్నారు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటల సరఫరా వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో పగటిపూట తొమ్మిది గంటల విధానం నడుస్తోంది. 2023 తెలంగాణ ఎన్నికల ముందు మూడు గంటలు చాలా, 24 గంటలు కావాలా అన్న వాదన ఊరూరా నడిచింది. గంటలు ముఖ్యమే, కాదనడం లేదు. కానీ ఆ గంటల్లో వచ్చే కరెంటును మోటారుకు అందించేది పొలం గట్టున ఉన్న ఇనుప పెట్టె. దాని సామర్థ్యాన్ని కేవీఏల్లో కొలుస్తారు. ఎన్ని గంటల సరఫరా అన్న ప్రశ్నా, ఎన్ని కేవీఏల ట్రాన్స్‌ఫార్మర్ అన్న ప్రశ్నా వేరువేరు కాదు. గంటలు మారినప్పుడల్లా ట్రాన్స్‌ఫార్మర్ మీద పడే బరువు కూడా మారుతుంది. ఈ సంగతి చర్చలో రావడం లేదు.

తెలంగాణలో 25 లక్షలకు పైగా, ఆంధ్రప్రదేశ్‌లో 18 లక్షలకు పైగా వ్యవసాయ కనెక్షన్లు ఉన్నాయి. ఇన్ని లక్షల మోటార్లకు ట్రాన్స్‌ఫార్మర్ లెక్క కనీసంగా తెలిసి ఉండటం అవసరం.

కరెంటు మన పొలం దాకా ఎలా వస్తుంది

ట్రాన్స్‌ఫార్మర్‌లో తిరిగే భాగం ఏదీ లేదు. పల్చటి ఉక్కు రేకులను పేర్చి చేసిన కోర్, దాని మీద రెండు చుట్లు, వాటిని ముంచి ఉంచే నూనె, అంతే. ఒక చుట్టులో కరెంటు పారితే కోర్‌లో అయస్కాంత శక్తి పుట్టి మారుతూ ఉంటుంది. ఆ మార్పు వల్ల రెండో చుట్టులో కరెంటు పుడుతుంది. ఏ చుట్టులో ఎన్ని చుట్లు ఉన్నాయన్న దాన్ని బట్టి ఓల్టేజీ పెరుగుతుంది లేదా తగ్గుతుంది. కరెంటు దిశ మారుతూ ఉంటేనే ఇది జరుగుతుంది కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ ఏసీ కరెంటుకే పని చేస్తుంది. సోలార్ పలకల నుంచి వచ్చే డీసీ కరెంటును నేరుగా దీనికి కలపలేకపోవడానికి కారణం ఇదే. మధ్యలో ఇన్వర్టర్ ఉండాలి.

ట్రాన్స్‌ఫార్మర్లు చేసే పనిని బట్టి రకరకాలు. విద్యుత్ కేంద్రంలో ఉండేది ఓల్టేజీని పెంచే రకం. జనరేటర్ నుంచి వచ్చే కరెంటును అది 220 లేదా 400 కేవీకి పెంచుతుంది. ఓల్టేజీ పెరిగితే అదే విద్యుత్తును తక్కువ ఆంపియర్లతో పంపవచ్చు, తీగల్లో వేడి రూపంలో పోయే నష్టం తగ్గుతుంది. అక్కడి నుంచి మెట్లు దిగినట్టు 132, 33 కేవీలకు దిగి మన మండలంలోని సబ్‌స్టేషన్‌కు చేరుతుంది. అక్కడ 33 కేవీని 11 కేవీకి దించే పవర్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. సాధారణంగా 5 లేదా 8 ఎంవీఏ సామర్థ్యం. 5 ఎంవీఏ అంటే 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్లు 200 కలిపినంత. దానికి రక్షణ పరికరాలు ఉంటాయి, షిఫ్టుల్లో ఆపరేటర్ ఉంటాడు, నూనె పరీక్షలు జరుగుతాయి.

చివరిది మన పొలంలోని డిస్ట్రిబ్యూషన్ ట్రాన్స్‌ఫార్మర్, అందరూ డీటీఆర్ అనేది. 11 కేవీని 433 ఓల్టులకు దించుతుంది. ఒక్కో ఫేజు లెక్కన చూస్తే పై చుట్టులో ప్రతి 44 చుట్లకు కింది చుట్టులో ఒకటి. దీన్ని రోజూ చూసే మనిషి ఉండడు. ఎండలో, వానలో, గొర్రెల మంద పక్కన, తుమ్మ కొమ్మల మధ్య ఏళ్ల తరబడి నిలబడి ఉంటుంది. ఇంత పెద్ద వ్యవస్థలో ఆలనాపాలనా తక్కువగా ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ ఇదే. రైతుకు అన్నిటికన్నా దగ్గరగా ఉన్నదీ ఇదే.

ఇక్కడ పేర్ల గందరగోళం ఒకటి ఉంది. ఎత్తిపోతల పథకాల్లోని కొన్ని పెద్ద మోటార్లకు ఆటో ట్రాన్స్‌ఫార్మర్ స్టార్టర్ వాడతారు. అది నిజంగా ట్రాన్స్‌ఫార్మరే. ఒకే చుట్టుతో ఓల్టేజీ తగ్గించి మోటారును నెమ్మదిగా లేపుతుంది. మన బోర్ల దగ్గర ఉండే ఆటోస్టార్టరుకూ దానికీ సంబంధం లేదు. మన ఆటోస్టార్టరు కరెంటు రాగానే మోటారును దానంతటదే ఆన్ చేసే పెట్టె మాత్రమే. అది ట్రాన్స్‌ఫార్మర్‌కు మేలు చేయకపోగా కీడు చేస్తోంది. ఆ సంగతి కింద చూద్దాం.

పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ మంచిదా, చిన్నది మంచిదా

పాత పద్ధతిలో 63 లేదా 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి పెట్టి, అక్కడి నుంచి ఎల్‌టీ తీగలను కిలోమీటరు, అంతకు మించి లాగి పదిహేను ఇరవై మోటార్లకు ఇచ్చేవారు. తీగ చివర ఉన్న రైతుకు ఎప్పుడూ లోఓల్టేజీయే. 400 ఓల్టుల బదులు 11 వేల ఓల్టుల్లో పంపితే అదే విద్యుత్తుకు ఆంపియర్లు 27 రెట్లకు పైగా తగ్గుతాయి. తీగలో నష్టం ఆంపియర్ల వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అదే తీగలో నష్టం 700 రెట్లకు పైగా తగ్గుతుంది. అందుకే ఉమ్మడి రాష్ట్రంలో 2000 దశకం మధ్య నుంచి హెచ్‌వీడీఎస్ పద్ధతిని పెద్ద ఎత్తున తెచ్చారు. 11 కేవీ లైనునే పొలం దాకా తెచ్చి, 16 లేదా 25 కేవీఏ చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, మూడు నాలుగు మోటార్లకు మాత్రమే ఇవ్వడం దీని పద్ధతి.

ఓల్టేజీ బాగుపడింది. ఎల్‌టీ తీగలకు కొక్కేలు తగిలించి వాడుకోవడం తగ్గింది. కాలినా ఇరవై మంది బదులు నలుగురే ఆగిపోతారు. ఇవన్నీ నిజమైన లాభాలే. అయితే ఈ మార్పుతో ఇంకో విషయం కూడా మారిపోయింది, దాన్ని రైతులకు ఎవరూ సరిగా చెప్పలేదని నా అభిప్రాయం. 100 కేవీఏ మీద అనుమతి లేని మోటారు ఒకటి ఎక్కితే అది ఇరవైలో ఒకటి, ట్రాన్స్‌ఫార్మర్ ఎలాగో మోసేది. 25 కేవీఏ మీద అదే మోటారు ఎక్కితే నాలుగింట ఒక వంతు బరువు పెరిగినట్టు. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ తప్పులను కాస్త ఓర్చుకుంటుంది, చిన్నది ఓర్చుకోదు. హెచ్‌వీడీఎస్‌లో ట్రాన్స్‌ఫార్మర్ బతుకు ఆ నలుగురు రైతుల చేతిలో ఉంటుంది.

హెచ్‌పీని కేవీఏలోకి మార్చి చూడండి

5 హెచ్‌పీ మోటారు 5 కేవీఏ తీసుకుంటుందని చాలామంది అనుకుంటారు. సరిగ్గా అంత కాదు. 5 హెచ్‌పీ అంటే మోటారు బయటకు ఇచ్చే పని 3.73 కిలోవాట్లు. మోటారు సామర్థ్యం 80 శాతం అనుకుంటే లోపలికి 4.66 కిలోవాట్లు కావాలి. కెపాసిటరు లేని మోటారు పవర్ ఫ్యాక్టర్ 0.8 అనుకుంటే ట్రాన్స్‌ఫార్మర్ మీద పడే బరువు 5.8 కేవీఏ. నాలుగు మోటార్లకు 23.3 కేవీఏ. అంటే 25 కేవీఏ నిండిపోయినట్టే. ఐదో మోటారు ఎక్కితే 29 దాటుతుంది.

అదే నాలుగు మోటార్లకూ సరైన కెపాసిటరు ఉండి పవర్ ఫ్యాక్టర్ 0.95కు చేరితే ఒక్కోటి 4.9 కేవీఏ, నాలుగూ కలిపి 19.6. ట్రాన్స్‌ఫార్మర్‌కు ఊపిరి పీల్చుకునే వీలు దొరుకుతుంది. 3 హెచ్‌పీకి 1 కేవీఏఆర్, 5 హెచ్‌పీకి 2, 7.5 హెచ్‌పీకి 3, 10 హెచ్‌పీకి 4 కేవీఏఆర్ కెపాసిటరు సరిపోతుంది. ఉచిత విద్యుత్తుకు షరతుగా కెపాసిటరు, రాపిడి తక్కువ ఉండే ఫుట్‌వాల్వు, ఐఎస్ఐ మోటారు, హెచ్‌డీపీఈ లేదా ఆర్‌పీవీసీ పైపు అమర్చుకోవాలని విద్యుత్ నియంత్రణ మండలి ఉత్తర్వుల్లో ఎప్పటి నుంచో ఉంది. క్షేత్రంలో తిరిగి చూస్తే కెపాసిటరు పెట్టె ఖాళీగానో, తీగలు తెగిపోయో కనిపించేవే ఎక్కువ. కరెంటు బిల్లు లేదు కాబట్టి దానితో నాకేం లాభం అని రైతు అనుకుంటాడు. లాభం బిల్లులో లేదు. నెల మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ కాలకుండా ఉండటమే దాని లాభం.

ఇంతకంటే పెద్ద సమస్య కాగితం మీద ఉన్న హెచ్‌పీకీ బోరులో ఉన్న హెచ్‌పీకీ ఉన్న తేడా. భూగర్భ జలం దిగజారిన కొద్దీ బోరు లోతు పెరిగింది, స్టేజీలు పెరిగాయి, మోటారు 5 నుంచి 7.5 హెచ్‌పీకి మారింది. సర్వీసు మాత్రం 5 హెచ్‌పీ పేరుతోనే ఉంది. పై లెక్క ప్రకారమే 7.5 హెచ్‌పీకి 8.7 కేవీఏ. నలుగురూ మార్చుకుంటే 35 కేవీఏ. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద 140 శాతం బరువు. చుట్లలో పుట్టే వేడి బరువుకు వర్గంగా పెరుగుతుంది కాబట్టి 1.4 రెట్లు బరువుకు వేడి దాదాపు రెండింతలు. నూనెలో నానిన కాగితమే చుట్ల మధ్య ఇన్సులేషన్. ఉండాల్సిన వేడి కన్నా ప్రతి 6 నుంచి 8 డిగ్రీలు పెరిగితే ఆ కాగితం ఆయుష్షు సగమవుతుంది. పాతికేళ్లు ఉండాల్సిన ట్రాన్స్‌ఫార్మర్ రెండు మూడు యాసంగుల్లో పోవడం వెనుక రహస్యం ఏమీ లేదు.

లోడు బయటపెడితే డబ్బు కట్టాల్సి వస్తుందని, సర్వీసు మీద ఏదో ఒకటి అంటారని రైతులు భయపడతారు. అర్థం చేసుకోదగిన భయమే. కానీ పంపిణీ సంస్థ తన రికార్డులో ఉన్న 20 హెచ్‌పీని చూసి 25 కేవీఏ సరిపోతుందని రాసుకుంటుంది. ఉన్నది 30 హెచ్‌పీ అని తెలియకపోతే 40 లేదా 63 కేవీఏ ఎందుకు ఇస్తుంది? కాలిన ప్రతిసారీ మళ్లీ అదే 25 కేవీఏ తెచ్చి పెడుతుంది, మళ్లీ అదే కాలుతుంది. లోడు క్రమబద్ధీకరణకు అవకాశం ఇచ్చినప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న రైతులంతా ఒకేసారి దరఖాస్తు చేసి, దానితో పాటే సామర్థ్యం పెంచమని రాతపూర్వకంగా అడగాలి. ఒక్కరు ముందుకొచ్చి మిగిలినవారు ఆగితే లెక్క మారదు.

గంటలు మారితే బరువు ఎలా మారుతుంది

ఇప్పుడు మొదట చెప్పిన సంగతికి వద్దాం. 100 కేవీఏ కింద ఇరవై మోటార్లు, అన్నీ 5 హెచ్‌పీవి అనుకోండి. ఒక్కో రైతుకు రోజుకు ఆరు గంటల నీరు చాలు. సరఫరా 24 గంటలు ఉండి, ఎవరికి వీలైనప్పుడు వారు వేసుకుంటే ఏ సమయంలో చూసినా సగటున ఐదు మోటార్లే నడుస్తాయి. సరఫరా తొమ్మిది గంటలైతే సగటున పదమూడు నడుస్తాయి. కెపాసిటర్లు లేకున్నా 77 కేవీఏ దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకుంటుంది. కానీ జరిగేది సగటు కాదు. కరెంటు రాగానే ఇరవై ఆటోస్టార్టర్లు ఇరవై మోటార్లనూ లేపుతాయి. 117 కేవీఏ.

పైగా మోటారు లేచే క్షణంలో నేరుగా ఆన్ చేస్తే మామూలు కన్నా ఆరు రెట్ల వరకు కరెంటు తీసుకుంటుంది. స్టార్-డెల్టా స్టార్టరు ఉంటే అందులో మూడో వంతు. ఇరవై ఒక్కసారిగా లేస్తే ఓల్టేజీ కుంగిపోతుంది, మోటార్లు వేగం అందుకోలేక ఆ ఎక్కువ కరెంటునే ఇంకాసేపు లాగుతూ ఉంటాయి. ఫీజు తెగడం, బుష్‌ల దగ్గర నిప్పురవ్వలు రావడం, మోటారు కాలడం ఎక్కువగా కరెంటు వచ్చిన మొదటి పది నిమిషాల్లోనే జరుగుతాయని ఏ లైన్‌మన్‌ను అడిగినా చెబుతాడు.

24 గంటల సరఫరా ఉన్నచోట ఆటోస్టార్టరుతో నష్టం ఇంకో రకం. మోటార్లు విడివిడిగా నడిచి ట్రాన్స్‌ఫార్మర్‌కు విశ్రాంతి దొరకాల్సింది పోయి, ఆపే మనిషి లేక అన్నీ రాత్రీపగలూ నడుస్తాయి. ట్రాన్స్‌ఫార్మర్ చల్లబడే సమయం పోయింది, బోర్లూ వట్టిపోయాయి. తెలంగాణలో 24 గంటల సరఫరా మొదలయ్యే ముందు ఆటోస్టార్టర్లు తీసేయాలని ఊరూరా ప్రచారం చేసింది ఇందుకే. తీసినవారు తీశారు, మళ్లీ పెట్టినవారు పెట్టారు. రాత్రిపూట పాము, చీకటి, దూరం ఇవన్నీ ఉన్నప్పుడు రైతు ఆటోస్టార్టరు వద్దనుకోవడం కష్టమే. పూర్తిగా తీయలేకపోతే కనీసం ఆలస్యంగా ఆన్ అయ్యే టైమరు పెట్టుకోవాలి. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్నవారు మాట్లాడుకుని మొదటి మోటారు రెండు నిమిషాలకు, రెండోది నాలుగుకు, మూడోది ఆరుకు లేచేలా అమర్చుకుంటే సగం ఫీజులు తెగవు. మొబైల్‌తో ఆన్, ఆఫ్ చేసే స్టార్టర్లు ఉన్నవారికి ఇది ఇంకా సులువు.

సోలార్ వస్తే ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదా?

2019లో మొదలైన పీఎం కుసుమ్ పథకం కింద సబ్‌స్టేషన్ల దగ్గర 2 మెగావాట్ల వరకు సోలార్ ప్లాంట్లు పెట్టడం, వ్యవసాయ ఫీడర్ మొత్తాన్ని సోలార్‌తో నడపడం ముందుకు వస్తున్నాయి. రైతులు అడుగుతున్న ప్రశ్న ఇది. విడి సోలార్ పంపుసెట్ అయితే ట్రాన్స్‌ఫార్మర్‌తో పని లేదు, పలక నుంచి కంట్రోలర్, అక్కడి నుంచి మోటారు. ఫీడర్ సోలార్‌లో మాత్రం ప్లాంటు దగ్గర ఓల్టేజీని పెంచే ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి ఉంటుంది. ఇన్వర్టర్ ఇచ్చే తక్కువ ఓల్టేజీని 11 లేదా 33 కేవీకి పెంచి లైనులోకి ఎక్కిస్తుంది. మన పొలం దగ్గర దించే ట్రాన్స్‌ఫార్మర్ ఎప్పటిలాగే ఉంటుంది.

ఆలోచించాల్సింది ఏమిటంటే, సోలార్‌తో సరఫరా పగటికే పరిమితమవుతుంది. పగటి కరెంటు రైతుకు మేలు. రాత్రి పొలానికి వెళ్లి పాము కాటుకో కరెంటు షాక్‌కో బలయ్యే దుస్థితి తప్పుతుంది. కానీ మోటార్లన్నీ అదే కొద్ది గంటల్లో, అదీ గాలి కూడా వేడెక్కిన మధ్యాహ్నం పూట నడుస్తాయి. కొందరు పగలు, కొందరు రాత్రి వేసుకుంటారులే అని పెట్టిన ట్రాన్స్‌ఫార్మర్లు అప్పుడు సరిపోవు. కాబట్టి ఏ ఫీడర్‌ను పగటి సరఫరాకు మారుస్తున్నారో ఆ ఫీడర్‌లోని ప్రతి ట్రాన్స్‌ఫార్మర్ కిందా ఉన్న అసలు హెచ్‌పీ ముందుగా లెక్కగట్టాలి. మీ ఊళ్లో గ్రామసభ పెట్టి సోలార్ ప్లాంటు గురించి చెప్పేటప్పుడు భూమి లీజు గురించి అందరూ అడుగుతారు. ఈ లెక్క గురించి కూడా అడగండి.

ట్రాన్స్‌ఫార్మర్‌కు మీటరంటే భయం వద్దు

2021లో కేంద్రం ఆమోదించిన ఆర్‌డీఎస్ఎస్ పథకంలో ఫీడర్లకు, డిస్ట్రిబ్యూషన్ ట్రాన్స్‌ఫార్మర్లకు మీటర్లు పెట్టడం ఒక భాగం. మోటారుకు మీటరు వేరు, ట్రాన్స్‌ఫార్మర్‌కు మీటరు వేరు. మోటార్ల మీటర్లపై రాజకీయ వాదనలు ఎన్నో జరిగాయి, వాటిలోకి ఇక్కడ వెళ్లడం లేదు. ట్రాన్స్‌ఫార్మర్ మీటరు దగ్గర ఇంకో రకం చిన్న ట్రాన్స్‌ఫార్మర్ కనిపిస్తుంది, సీటీ అంటారు. తీగ చుట్టూ ఉంగరంలా ఉండి, వందల ఆంపియర్లను 5 ఆంపియర్లకు తగ్గించి మీటరుకు చూపిస్తుంది. దాని పని కొలవడం మాత్రమే.

ఆ కొలత రైతుకు పనికొస్తుంది. ఏ రోజు ఏ సమయంలో ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎంత బరువు పడింది, మూడు ఫేజుల మీద సమానంగా పడిందా లేదా అన్నది అందులో నమోదవుతుంది. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌కు ఫేజుకు 33 ఆంపియర్లు, 63కు 84, 100కు 133 ఆంపియర్లు పూర్తి సామర్థ్యం. మీటరులో పది రోజులు వరుసగా 45 ఆంపియర్లు కనిపిస్తే 25 కేవీఏను మార్చమనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. ఆ వివరం రైతులకు చూపించే ఏర్పాటు పంపిణీ సంస్థలు చేయాలి. దాచాల్సింది అందులో ఏమీ లేదు.

పొలం దగ్గర చూసుకోవాల్సినవి

అధిక లోడు తర్వాత ట్రాన్స్‌ఫార్మర్‌ను ఎక్కువగా చంపేది నూనె తగ్గడం. నూనె రెండు పనులు చేస్తుంది, చుట్లను చల్లబరుస్తుంది, ఇన్సులేషన్‌గా ఉంటుంది. లీకయి మట్టం తగ్గినా, తేమ చేరినా రెండూ దెబ్బతింటాయి. పెద్ద సైజు వాటికి పక్కన ఉండే బ్రీతర్‌లో సిలికా జెల్ గింజలు నీలంగా ఉంటే మంచిది, గులాబీ రంగుకు మారితే తేమ పీల్చి అయిపోయినట్టు. ట్యాంకు మీద జిడ్డు మరకలు, బుష్‌ల దగ్గర నల్లటి మసి, ఎప్పుడూ లేని గురగుర శబ్దం కనిపించినా వినిపించినా దూరం నుంచే గమనించి లైన్‌మన్‌కు చెప్పండి. మూత తీసి చూడటం, నూనె పోయడం రైతు పని కాదు.

ఫీజు సంగతి కొంచెం గట్టిగానే చెప్పాలి. మాటిమాటికీ పోతోందని మందపాటి అల్యూమినియం తీగను రెండు మూడు పోగులు మెలేసి కట్టేవారు ఉన్నారు. ఫీజు పోవడం అంటే ట్రాన్స్‌ఫార్మర్‌ను కాపాడి తాను పోవడం. అది పోకుండా చేస్తే పోయేది చుట్టు. అంతకంటే ముఖ్యం, ఫీజు వేయడానికి ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కి ప్రాణాలు పోగొట్టుకున్న రైతులు ప్రతి జిల్లాలోనూ ఉన్నారు. ఏబీ స్విచ్ దించాం కదా అనుకుంటారు. మూడు బ్లేడుల్లో ఒకటి సరిగా విడిపోకపోతే ఆ ఫేజులో 11 వేల ఓల్టులు అలాగే ఉంటాయి. కింద నిలబడి చూస్తే ఒక్కోసారి తెలియదు కూడా. లైన్‌మన్ రావడానికి నాలుగు గంటలు పట్టినా ఆగండి. ఊళ్లో కరెంటు పని వచ్చిన కుర్రాడు ఉన్నాడని అతన్ని ఎక్కించకండి.

ఎర్తింగ్ గుంతలు ఎండాకాలంలో పొడిబారిపోతాయి. ఎర్త్ సరిగా లేకపోతే పిడుగు పడ్డప్పుడు, ఫేజు ట్యాంకుకు తగిలినప్పుడు కరెంటు భూమిలోకి దిగే దారి ఉండదు. గుంతలో నీళ్లు పోయమని చెప్పడం తేలికే, కానీ పైపును, తీగను తాకకుండా దూరం నుంచి పోయాలి. పశువులను ట్రాన్స్‌ఫార్మర్ స్తంభాలకు, స్టే వైరుకు కట్టకూడదు.

దొంగల బెడద వేరే. రాగి చుట్టు కోసం పొలంలోని ట్రాన్స్‌ఫార్మర్‌ను దించి, నూనె నేలపాలు చేసి, ఖాళీ పెట్టె వదిలేసి పోతున్నారు. చాలా చిన్న ట్రాన్స్‌ఫార్మర్లలో ఇప్పుడు ఉన్నది అల్యూమినియం చుట్టే, అయినా పగలగొట్టాక గానీ వాళ్లకు తెలియదు. దొంగతనం జరిగితే పోలీసు ఫిర్యాదు ప్రతి లేనిదే కొత్తది రావడం ఆలస్యమవుతుంది కాబట్టి ఆ రోజే ఫిర్యాదు ఇవ్వాలి.

కాలిపోయాక

విద్యుత్ నియంత్రణ మండళ్ల సేవా ప్రమాణాల ప్రకారం పాడైన డిస్ట్రిబ్యూషన్ ట్రాన్స్‌ఫార్మర్‌ను పట్టణాల్లో 24 గంటల్లో, గ్రామాల్లో 48 గంటల్లో మార్చాలి. దించడం, తీసుకెళ్లడం, తేవడం, ఎక్కించడం పంపిణీ సంస్థ బాధ్యత. చాలా ఊళ్లలో రైతులు చందా వేసుకుని ట్రాక్టర్ కట్టుకుని తెచ్చుకుంటున్నారు. పంట ఎండుతుంటే నిబంధన మాట్లాడుతూ కూర్చోలేమని వారి బాధ. అది వాస్తవం. అయినా ఫోన్‌లో లైన్‌మన్‌కు చెప్పి ఊరుకోకుండా 1912కు కాల్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. 48 గంటల లెక్క మొదలయ్యేది ఫిర్యాదు నమోదైనప్పటి నుంచి. గడువు దాటితే విద్యుత్ వినియోగదారుల పరిష్కార వేదికకు, ఆ తర్వాత విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లే హక్కు ఉంది. నంబరు లేకపోతే ఏ వేదిక దగ్గరా రుజువు ఉండదు.

ఈ రెండు మూడు రోజులు పంటను కాపాడుకునే సంగతి. పక్క ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న రైతు నుంచి నీరు తీసుకునే అవకాశం ఉంటే ముందుగా పొట్ట, ఈనిక దశల్లో ఉన్న మడులకు ఇవ్వండి. పిలకల దశలో ఉన్న వరి కొద్ది రోజులు తడి ఆరినా తట్టుకుంటుంది. మొక్కజొన్నలో పూత, పీచు దశకే తొలి తడి. తేలిక నేలలకు ముందు, నల్లరేగడికి తర్వాత. మీ మోటారు వైరు తీసుకెళ్లి పక్క ట్రాన్స్‌ఫార్మర్‌కు తగిలించడం మాత్రం చేయకండి. ఇప్పటికే నిండిన 25 కేవీఏకు ఇంకో మోటారు ఎక్కితే రెండు రోజుల్లో అదీ పోతుంది, అప్పుడు నీరిచ్చేవారు కూడా ఉండరు.

వరిలో పైరు కుదురుకున్నాక నిరంతరం నీరు నిలపకుండా ఆరుతడి పద్ధతి పాటించే రైతుల మోటార్లు తక్కువ గంటలు నడుస్తాయి. మడిలో రంధ్రాల గొట్టం పాతి, నీటి మట్టం నేల కన్నా 15 సెంటీమీటర్లు దిగాక మళ్లీ తడి పెడితే చాలు. పూత సమయంలో మాత్రం పలుచగా నీరు నిలపాలి. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద నలుగురూ ఇలా చేస్తే వంతుల వారీగా మోటార్లు వేసుకోవడం సాధ్యమవుతుంది.

కొత్త ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కించే రోజు రైతులు అక్కడ ఉండటం మంచిది. పేరు పలక మీద కేవీఏ ఎంతో, ఐఎస్ 1180 ప్రమాణం గుర్తు, స్టార్ లేబుల్ ఉన్నాయో లేదో చూడండి. మరమ్మతు చేసి తెచ్చినదైతే నూనె మట్టం నిండుగా ఉందేమో అడగండి. పాత ఫీజు తీగలు తీసి సరైనవి వేయించండి, మొదట ఒక్క మోటారు ఆన్ చేసి పది నిమిషాల తర్వాత రెండోది వేయండి. గద్దె మీద రాసి ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ నంబరు, కింద ఉన్న సర్వీసు నంబర్లు, ఒక్కో మోటారు అసలు హెచ్‌పీ, ఎక్కించిన తేదీ ఒక కాగితం మీద రాసి నలుగురి దగ్గరా ఉంచుకోండి. అదే ట్రాన్స్‌ఫార్మర్ మళ్లీ కాలితే సామర్థ్యం పెంచమని ఏఈకి ఇచ్చే దరఖాస్తుకు ఆ కాగితాన్నే జత చేయాలి.